పార్కులు, గ్రంథాలయ పన్ను, కమ్యూనిటీ హాళ్లు అన్నీ ఒకే ఆఫీసరు నెత్తిన పడితే ముందు ఏది చూసుకోవాలి?

చెలక_నేల అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్తే. మాది ఉమ్మడి నల్లగొండ జిల్లాలో లక్ష లోపు జనాభా ఉన్న మున్సిపాలిటీ. పార్కులు, నర్సరీ, రోడ్డు పక్క మొక్కలు, కమ్యూనిటీ హాళ్లు, మెప్మాతో (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) కలిసి చేసే పనులు, గ్రంథాలయ పన్ను ఫైలు, ఇవన్నీ కలిపి ఒకే అధికారికి అప్పజెప్పారు. రిజిస్టర్లో ఉన్న పార్కులకూ నేల మీద తాళం తీసి ఉన్న పార్కులకూ పొంతన లేదు. మార్చి వస్తే బోర్లు గాలి కొడతాయి. లైబ్రరీలో సీట్లు చాలట్లేదని పోటీ పరీక్షల పిల్లలు ప్రజావాణిలో అర్జీలు పెడుతున్నారు, కానీ లైబ్రరీ మన మున్సిపాలిటీది కాదని సెక్షన్ వాళ్లంటున్నారు. కౌన్సిలర్లేమో ఎవరికి వారు తమ వార్డులో కొత్త పార్కు కావాలంటున్నారు. మొదటి ఏడాదిలో ఏది పట్టుకోవాలి, ఏది ఆపాలి? అనుభవం ఉన్నవాళ్లు లెక్కలతో చెబితే మేలు.

నీలగిరి_ప్లానింగ్:

సార్, మొక్క కన్నా ముందు హద్దు. లేఅవుట్లలో వదిలిన 10 శాతం ఖాళీ స్థలమే మన ఊళ్లలో చాలా పార్కులకు ఆధారం. ఒక్కో స్థలానికి ఒక్కో ఫైలు తెరవండి. అందులో మంజూరైన లేఅవుట్ నకలు, సర్వే నంబరు, మున్సిపాలిటీ పేరున రాసిచ్చిన గిఫ్ట్ డీడ్, సర్వేయర్ కొలిచిన విస్తీర్ణం ఉండాలి. గిఫ్ట్ డీడ్ దొరకని స్థలాలు ఎప్పుడూ కొన్ని తేలతాయి, వాటినే ముందు పట్టుకోండి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు రాసి ఆ నంబర్లు 22-ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని స్థలాల జాబితా) ఎక్కించాలి. లేకపోతే మీరు గేటు పెట్టేలోపు అక్కడ ప్లాటు అమ్ముడుపోయి ఉంటుంది.

కబ్జా వరస అంతటా ఒకటే. మొదట పక్కింటి ఆయన కంకర, ఇసుక కుప్ప పోస్తాడు. తర్వాత రేకుల షెడ్డు లేస్తుంది. ఆ షెడ్డుకు రెవెన్యూ సెక్షన్ ఇంటి నంబరు ఇస్తుంది, దాన్ని చూపించి కరెంటు మీటరు తెచ్చుకుంటాడు. అప్పుడు మన చేతి కాగితమే మన మీద సాక్ష్యం. అందుకే పార్కుల సర్వే నంబర్ల జాబితా బిల్ కలెక్టర్ల దగ్గర ఉండి తీరాలి. ఆ నంబర్లలో అసెస్‌మెంట్ (ఇంటి పన్ను నమోదు) అడిగితే ఫైలు మీ టేబుల్ మీదికి రావాలని కమిషనర్‌తో రాతపూర్వకంగా ఆదేశం తీసుకోండి.

గుడి, వాటర్ ట్యాంకు, కుల సంఘం భవనం పార్కు స్థలంలోనే కావాలని ఒత్తిడి వస్తుంది. పార్కుకని వదిలిన స్థలాన్ని వేరే పనికి మళ్లించడం చెల్లదని సుప్రీంకోర్టు 1991లోనే బెంగళూరు కేసులో చెప్పింది. నోట్ ఫైల్లో ఆ మాట ఒక పేరా రాసిపెట్టుకోండి, తర్వాత వచ్చే ఆఫీసరుకు కూడా రక్షణ.

కంచె వేశాక గోడ మీద సర్వే నంబరు, విస్తీర్ణం రంగుతో రాయించండి. ఇనుప బోర్డు పెడితే రాత్రికి రాత్రి పోతుంది.

మొక్కల_మేస్త్రి:

నీళ్ల లెక్క చెప్తా సార్, మిగతావన్నీ దాని ఎనక వస్తయి. మన ఎర్ర చెలకల, దుబ్బ నేలల తేమ నిలవదు. నాటి ఏడాది దాటని మొక్కకు ఎండకాలం ఒక తడికి 20 లీటర్లు కావాలె, వారానికి రెండు తడులు. 1000 మొక్కలంటే తడికి 20,000 లీటర్లు, 5,000 లీటర్ల ట్యాంకర్లు నాలుగు. వారానికి ఎనిమిది. ఇప్పుడు లాన్ చూడుండ్రి. గడ్డికి చదరపు మీటరుకు రోజుకు 5 లీటర్ల లెక్క వేసుకున్నా 10 గుంటల లాన్‌కు రోజుకో ట్యాంకరు, వారానికి ఏడు. అంటే 10 గుంటల పచ్చ తివాచీ తాగే నీళ్లు 1000 చెట్లు తాగే నీళ్లంత. బోరు ఎత్తిపోయే ఊర్లె లాన్ పెట్టుడు ఎందుకో నాకైతే సమజ్ కాదు. గేటు ముందట ఒక గుంట ఉంచి కడమది తీసేసి నీడ చెట్లు పెట్టుండ్రి.

జులైల నాటుతరు, ఫోటోలు దిగుతరు. మొక్క సచ్చేది మార్చి, ఏప్రిల్‌ల. మున్సిపాలిటీ చట్టం 2019 ప్రకారం బడ్జెట్‌ల 10 శాతం పచ్చదనానికే పెట్టాలె, నాటినవాట్ల 85 శాతం బతకాలె. గా 10 శాతం మొత్తం వానకాలంల గుంతలకు, మొక్కలకు ఊడ్చి పెడితే ఎండకాలం ట్యాంకర్ డీజిల్‌కు పైసలుండయి. ఫిబ్రవరి నుంచి జూన్ దాకా నీళ్లకు అయ్యే ఖర్చు ముందే వేరే పద్దుల పెట్టుకోండ్రి.

గుంత రెండు ఫీట్ల పొడుగు, రెండు ఫీట్ల వెడల్పు, రెండు ఫీట్ల లోతు. మొరం తగిలితే ఇంకో అర ఫీటు పగలగొట్టాలె, లేకుంటే వేరు గిన్నెల పెట్టినట్టు చుట్టు తిరుగుతది. నింపేది రెండు పాళ్లు అక్కడి మన్ను, ఒక పాలు చెరువు పూడిక మట్టి, ఒక పాలు బాగ మాగిన పెంట ఎరువు, 200 గ్రాముల వేప పిండి. పచ్చి పెంట వెయ్యొద్దు, చెదలు అదే పిలుస్తది. కవర్ పూర్తిగ చింపి తీయాలె. కూలోళ్లు తొందరల అడుగు మాత్రమే కోసి అట్లనే దించుతరు, మూడో ఏట గాలికి చెట్టు అడ్డంగ పడుతది. తవ్వి చూస్తే వేర్లన్నీ కవర్‌ల చుట్ట చుట్టుకొని ఉంటయి. నర్సరీల ఏండ్లకేండ్లు కవర్‌లనే పెరిగిన మొక్క ఫ్రీగ ఇస్తమన్నా తీసుకోవద్దు.

కట్టు సంగతి. బైండింగ్ వైరు కడితే బెరడు కోసుకపోతది. సుతిలి తాడు, ఎనిమిది అంకె లెక్క, కర్రకు మొక్కకు నడుమ వేలు దూరే సందు. ట్రీ గార్డు మొద్దు పెరిగినంక తీయాలె. ఇనుము లోపలికి మునిగిపోయిన చెట్లు మన రోడ్ల మీద ఎన్నో ఉన్నయి. గడ్డి కోసే మిషన్ తీగ మొదలుకు తాకినా చెట్టు నెలలల్ల ఎండుతది, మొదలు చుట్టు ఫీటున్నర చేత్తోనే కలుపు తీయించుండ్రి.

రకాలు: వేప, కానుగ, నేరేడు, చింత, రేల, జమ్మి. కరెంటు తీగల కింద తంగేడు, గన్నేరు, పారిజాతం చాలు. అక్కడ రావి పెడితే ప్రతి జూన్‌ల లైన్‌మెన్ వచ్చి నెత్తి నరికి పోతడు. కోనోకార్పస్ నాటుడు ఆపమని సర్కారే చెప్పింది, వేర్లు పైపులల్ల దూరుతయి. ఉన్నవి ఒక్కసారే కొట్టకుండ్రి, పక్కన వేరేది పెరిగినంక తీయాలె. ఏ చెట్టు కొట్టాలన్నా వాల్టా (నీళ్లు, నేల, చెట్ల చట్టం) కింద పర్మిషన్ ముందు.

చెదలు తక్కువ అంచనా వెయ్యొద్దు. పాలమూరు పిల్లలమర్రి, 700 ఏండ్ల మర్రి అంటరు, దానికే 2018ల చెద పట్టి కొమ్మ ఇరిగితే క్లోరిపైరిఫాస్ నీళ్లల్ల కలిపి సెలైన్ సీసాలు కట్టి బొట్టు బొట్టు ఎక్కించిండ్రు, ఊడలకు ఆసరా పెట్టిండ్రు. మొదలు మీద మట్టి గీత కనపడ్డ రోజే గీకేసి మందు కొట్టుంటే చిన్న పని.

బోరు నీళ్లతో డ్రిప్ పెడితే ఉప్పు పేరి రంధ్రాలు మూసుకుంటయి. 15 రోజులకోసారి పైపుల చివర బిరడాలు తీసి నీళ్లు బయటికి వదలాలె. ఫిల్టర్ జాలి కడుగుడు ఎవ్వరి పనో పేరు రాసి పెట్టుండ్రి, లేకుంటే ఎవ్వరూ కడగరు. ఇంకోటి, నల్లగొండ బోర్లల్ల ఫ్లోరైడ్ సంగతి తెలిసిందే. పార్కుల తాగే నల్లాకు బోరు కలపొద్దు, మిషన్ భగీరథ తాగునీటి లైన్ నుంచి వేరే తీసుకోవాలె. చెట్ల నల్లాకు ఎర్ర రంగేసి తాగొద్దని రాయించుండ్రి.

రీడింగ్_రూమ్:

లైబ్రరీ గురించి మీ సెక్షన్ వాళ్లు చెప్పింది సగం నిజం. 1960 నాటి గ్రంథాలయ చట్టం ప్రకారం శాఖా గ్రంథాలయాలు, వాటి సిబ్బంది జిల్లా గ్రంథాలయ సంస్థ కింద ఉంటారు, మీ మాట కింద కాదు. కానీ ఆ సంస్థ బతికేదే మీరు వసూలు చేసే పన్ను మీద. ఆస్తి పన్ను రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను. అది మీ డబ్బు కాదు, మీ చేతుల మీదుగా వెళ్లే డబ్బు. రెండూ కలిపి ఏడాదికి 3 కోట్ల 24 లక్షలు వసూలైతే అందులో 24 లక్షలు లైబ్రరీలదే.

జరిగే తప్పు ఏమిటంటే, అది జనరల్ ఫండ్‌లో కలిసిపోయి జీతాలకో కరెంటు బిల్లుకో ఖర్చయిపోతుంది. బకాయి ఏళ్ల తరబడి పేరుకున్నాక ఒక్కసారి కట్టడం ఎవరి వల్లా కాదు. ప్రతి నెలా వసూలు రిపోర్టు రాగానే 8 పైసల వాటా వేరు చేసి, వచ్చే నెల మొదటి వారంలోనే బదిలీ చేసేలా అకౌంట్స్ వాళ్లతో కట్టుబాటు పెట్టుకోండి. పాత బకాయిని వాయిదాలుగా విడిగా తీర్చండి, రెండూ కలిపితే లెక్క ఎప్పటికీ తేలదు. చెల్లింపు ఏ సంస్థ ఖాతాకు వెళ్తోందో కూడా చూడండి. 2016లో జిల్లాలు విడిపోయాయి. కాబట్టి పాత బకాయిలో ఏ కాలానిది ఎవరికి చేరాలో సంస్థ కార్యదర్శితో కూర్చొని రాతలో తేల్చుకోవాలి.

పన్ను సక్రమంగా వెళ్తుంటే కార్యదర్శి మీ మాట వింటారు. అప్పుడు సీట్ల సమస్యకు దారి దొరుకుతుంది: భవనం, నీళ్లు, టాయిలెట్లు మీవి, పుస్తకాలు, పేపర్లు, లైబ్రేరియన్ వారివి అని ఒప్పందం. ఖాళీగా పడి ఉన్న కమ్యూనిటీ హాల్‌లో పగటి పూట రీడింగ్ రూమ్ పెట్టడం కొత్త భవనం కన్నా వెయ్యి రెట్లు నయం. మనిషికి 25 చదరపు అడుగులు వేసుకోండి, 40 సీట్లకు 1000 చదరపు అడుగులు. అంతకన్నా ఇరికిస్తే కుర్చీ జరిపినప్పుడల్లా గొడవ.

గ్రూప్స్, డీఎస్సీ, కానిస్టేబుల్ పరీక్షలకు చదివేవాళ్లు పొద్దున తలుపు తీయగానే సంచి పెట్టి సీటు ఆపుకొని టిఫినుకు వెళ్లిపోతారు. నంబరు టోకెన్ పెట్టండి, అరగంట మనిషి లేకపోతే సీటు తర్వాతి వాళ్లది. ప్లగ్ పాయింట్లు బల్లకొకటి గోడ వైరింగ్ నుంచే ఇవ్వాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సులు గొలుసులా కట్టుకుంటూ పోతే ఎప్పుడో ఒకప్పుడు మంటే. ఆడపిల్లలకు వేరే టాయిలెట్, బయట లైటు లేకపోతే సాయంత్రం ఆరు తర్వాత సగం సీట్లు ఖాళీగానే ఉంటాయి, అప్పుడు ‘డిమాండ్ లేదు’ అని రాసేస్తారు.

ర్యాకులు గోడకు ఆనించొద్దు, నాలుగు వేళ్ల సందు ఉండాలి. కింది అర నేల నుంచి అరడుగు ఎత్తులో. వానాకాలంలో చెద గోడ నుంచే దిగుతుంది. పాత సిలబస్ గైడ్లు దానంగా ఇస్తామంటే మొహమాటపడకుండా వద్దనండి.

ఆర్పీ_అక్క:

తమ్మీ, పార్కును మహిళా సంఘాలకు అప్పజెప్తం అని అందరూ అంటరు, కాగితం మీద ఏం రాయాల్నో ఎవ్వరూ చెప్పరు. స్లమ్ సమాఖ్యతో (బస్తీ మహిళా సంఘాల కూటమి) ఒప్పందం చేస్తే పొద్దున గేటు తీసే టైము, ఊడ్చుడు, నీళ్లు పట్టుడు, టాయిలెట్ కడుగుడు, ఇవి రాయాలె. మోటరు రిపేరు, కరెంటు బిల్లు, దొంగతనం నష్టం వాళ్ల మీద వెయ్యొద్దు. బిల్లు నెలనెలా రాకపోతే మూడో నెల ఆడోళ్లు కూలికి పోతరు, తప్పు వాళ్లది కాదు. కమ్యూనిటీ హాల్ బుకింగ్ రిజిస్టర్ ఒక్కటే ఉండాలె, డిపాజిట్ రసీదు లేనిది తాళం చెయ్యి ఇయ్యొద్దు. కౌన్సిలర్ ఫోన్ చేసినా.

ఆట సామాన్ల గురించి ఎవ్వరూ రాయలే. ఉయ్యాల గొలుసు పైన కొండి చూడుండ్రి, నిచ్చెనెక్కి చేత్తో పట్టుకొని. ఇనుము ఇనుముకు రాకి లోపలి వైపు గాడి పడుతది, కింద నిలబడి చూస్తే కనపడదు. మూడో వంతు అరిగితే మార్చాలె. ఉయ్యాల కింద సిమెంటు వెయ్యొద్దు, ఒక ఫీటు మందం ఇసుక, గట్టిపడకుండ నెలకోసారి తిరగెయ్యాలె. ఇనుప జారుడు బండ పడమర మొఖం పెడితే సాయంత్రం నాలుగింటికి పిల్లల తొడలు కాలుతయి, ఉత్తరం దిక్కు తిప్పుండ్రి లేకుంటే చెట్టు నీడల పెట్టుండ్రి. ఓపెన్ జిమ్‌కు గ్రీజు పెట్టకపోతే బేరింగ్ పోతది, ఒకటి పోయినంక దాని బోల్టులు కూడ పోతయి.

చెలక_నేల:

చాలా థ్యాంక్స్ అందరికీ. అక్కా, కొండి సంగతి రేపే చూపిస్తాను. ఒక్క ప్రశ్న మిగిలింది. కొత్త పార్కులు వద్దని కౌన్సిల్‌లో ఎలా చెప్పాలి? 15వ ఆర్థిక సంఘం డబ్బు ఉంది కదా అని వాదించారు.

నీలగిరి_ప్లానింగ్:

వద్దని చెప్పకండి. అజెండా నోట్‌లో నిర్మాణం అంచనా పక్కనే మూడేళ్ల నిర్వహణ ఖర్చు పెట్టండి. అవుట్‌సోర్సింగ్ సిబ్బంది జీతాల మీద వచ్చిన 2021 జీవో 60లో అడుగు మెట్టు జీతం నెలకు 15,600, తర్వాతి పెంపులు ఉంటే కలుపుకోండి. యజమాని వాటా ఈపీఎఫ్, ఈఎస్‌ఐ చేరితే మనిషికి నెలకు 18 వేలు దాటుతుంది. ఒక వాచ్‌మన్, ఒక మాలి ఇద్దరికే ఏడాదికి 4 లక్షల 33 వేల దాకా. ఏజెన్సీ కమీషన్, కరెంటు, ట్యాంకర్లు అందులో లేవు. ఇక ఆర్థిక సంఘం గ్రాంటులో, 2021-26 కాలానికి మనలాంటి పట్టణాలకు 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే కట్టేశారు. మిగిలిన 40 శాతం మీద అందరి కళ్లూ ఉంటాయి, పైగా దాన్ని జీతాలకు వాడకూడదు. కాబట్టి ఆ నాలుగు లక్షలు జనరల్ ఫండ్ నుంచే రావాలి. ఏ పద్దులోంచి తీస్తారో అదే నోట్‌లో ఒక గడి ఖాళీగా వదిలి, నింపమని కౌన్సిల్‌కే వదిలేయండి.

మొక్కల_మేస్త్రి:

గా గడి పక్కన ట్యాంకర్ల లెక్క కూడ పెట్టుండ్రి సార్. కొత్త పార్కు అడిగే వార్డుల మే నెలల తాగేనీళ్ల ట్యాంకరే ఎన్ని రోజులకోసారి వస్తుందో ఆ కౌన్సిలర్‌కే ఎరుక.