ఒక్క గ్లాసు వైన్ తాగినా పాపమేనా?

అందరికీ వందనాలు. చాన్నాళ్ళుగా మనసులో నలుగుతున్న విషయం, తిట్టకుండా చెప్పండి. మందు ముట్టుకుంటేనే నరకం అని వింటూ సంఘంలో పెరిగినదాన్ని నేను. మా అత్తగారి వాళ్ళు క్యాథలిక్కులు, పండగ భోజనంలో తలా ఒక గ్లాసు వైన్ పోసుకుంటారు, అంతే, ఇన్నేళ్ళలో ఒక్కరు తూలడం గానీ నోరు జారడం గానీ చూడలేదు. మొన్న పండక్కి నేనూ సగం గ్లాసు తాగాను. రాత్రి ప్రార్థనకి మోకరిస్తే నోట మాట రాలేదు. కానా పెళ్ళిలో ప్రభువే నీళ్ళని ద్రాక్షారసం చేశాడు కదా, మరి నాకెందుకింత గిల్టీగా ఉంది?

జవాబు 1
సిస్టర్, బైబిల్ ఖండించేది మత్తుని. ఎఫెసీ 5:18 లో ఉన్నది "మద్యముతో మత్తులై యుండకుడి" అని. 104వ కీర్తన అయితే మనిషి గుండెని సంతోషపెట్టే ద్రాక్షారసం దేవుడిచ్చిందే అంటుంది. అపొస్తలుడు పౌలు కూడా తన శిష్యుడు తిమోతికి కడుపు జబ్బుకి కొంచెం పుచ్చుకోమన్నాడు, ఆ "కొంచెం" అన్న మాట మింగేసి చదివేవాళ్ళే ఎక్కువ అనుకోండి. కానాలో చేసింది ఉత్త జ్యూస్ అనేవాళ్ళున్నారు, నాకు ఒప్పుకోబుద్ధి కాదు, ఎందుకంటే జనం మత్తుగా ఉన్నాక నాసిరకం రసం పోస్తారు, నువ్వు మంచిది దాచిపెట్టావేంటి అని విందు పెద్దే పెళ్ళికొడుకుని అడిగాడు. కొరింథు సంఘంలో ప్రభువు బల్ల (ప్రభువు జ్ఞాపకంగా రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకోవడం) దగ్గరే కొందరు మత్తులయ్యారని పౌలు గద్దించాడు, జ్యూస్‌తో మత్తెక్కుతుందా?

జవాబు 2
బ్రదర్ చెప్పిన వచనాలు కరెక్టే కానీ సామెతలు 23 చివర కూడా చదవండి, గిన్నెలో ఎర్రగా మెరుస్తుంటే దానివైపు చూడకు, చివరికి పాములా కరుస్తుంది అని ఉంది. రేకాబీయులు అనే వంశంవాళ్ళు ద్రాక్షారసం తాగొద్దన్న తమ తండ్రి మాట నిలబెట్టుకున్నందుకు దేవుడే వాళ్ళని మెచ్చుకున్నాడు (యిర్మీయా 35). మా సంఘంలో బల్లకి ద్రాక్ష జ్యూసే. 1869లో థామస్ వెల్చ్ అనే మెథడిస్టు డెంటిస్టు రసాన్ని వేడి చేసి పులవకుండా ఆపే పద్ధతి కనిపెట్టింది ప్రభువు బల్ల కోసమే.

జవాబు 3
నేను తాగి మానేసినవాణ్ణి, ఆరేళ్ళయింది. మీరిద్దరూ ఎంతవరకు తాగొచ్చు అనే మాట్లాడుతున్నారు, నాకు "కొంచెం" అనేది లేదు, మొదటి గుటక నాది, ఆ తర్వాతివి నా చేతిలో ఉండవు. మానేసిన కొత్తలో వేరే సంఘానికి వెళ్ళాను, అక్కడ బల్లకి నిజం వైన్ అని నాకు తెలీదు, కప్పు మూతి దాకా వచ్చాక వాసన తగిలింది, చేయి వణికి రెండు చుక్కలు చొక్కా మీద పడ్డాయి. తాగకుండా పక్కవాళ్ళకి అందించేశాను. అందరూ చూస్తున్నారనే సిగ్గుకి ఆ ఆదివారం మధ్యలోనే లేచి వచ్చేశా. అప్పటినుంచి రోమా 14:21 నాకు వేరేగా వినపడుతుంది, సహోదరుడికి అడ్డం కలుగుతుందంటే ద్రాక్షారసం తాగకపోవడం మంచిది అని. సిస్టర్, మీ సగం గ్లాసు పాపమని నేననను. ఆ టేబుల్ దగ్గర ఎవరున్నారో చూసుకోండి, వద్దన్నవాళ్ళని ఎందుకు అని అడక్కండి, ఆ ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పలేక నేను చాలాసార్లు తాగాను.

ఇంకోటి, ఇంట్లో రోజూ బాగా తాగేవాళ్ళు ఉంటే ఒట్టు పెట్టించి ఒక్కసారిగా మాన్పించకండి, ఫిట్స్ వచ్చి ప్రాణం మీదకి రావచ్చు, డాక్టర్‌కి చూపించే మాన్పించాలి. ప్రార్థన చేయండి, డాక్టర్ దగ్గరకీ తీసుకెళ్ళండి, రెండూ కావాలి.

అడిగినావిడ
బ్రదర్, మీ జవాబు చదివి చాలాసేపు కూర్చుండిపోయాను. ఇక్కడ చెప్పని మాట ఒకటుంది. ఆ పండక్కి మా మరిది గ్లాసు బోర్లించి పెట్టుకున్నాడు, నేనే నవ్వుతూ కొంచెమే కదా అని తిప్పి పోశాను. ఆయన తాగలేదు, పళ్ళెం పక్కకి జరిపి త్వరగా లేచి వెళ్ళిపోయాడు. నా గుండెలో గుచ్చుకుంటున్నది నేను తాగిన సగం గ్లాసు కాదేమో. రేపు ఫోన్ చేస్తాను మరిదికి.