డ్రాఫ్ట్ మాస్టర్ ప్లాన్‌లో మా పొలం పార్కు రంగులో ఉంది, భూమి పోయినట్టేనా?

ప్రశ్న:
అందరికీ నమస్తే. మాది తెలంగాణలో ఒక చిన్న మున్సిపాలిటీ పక్కనున్న ఊరు. కొన్నేళ్ల కింద మమ్మల్ని అందులో కలిపారు. ఇప్పుడు కొత్త మాస్టర్ ప్లాన్ డ్రాఫ్ట్ వచ్చింది. వాట్సాప్‌లో తిరుగుతున్న మ్యాపులో నాన్న పేరు మీదున్న రెండెకరాలు ఆకుపచ్చగా కనిపిస్తున్నాయి, అంచు వెంట వంద ఫీట్ల రోడ్డు గీత ఉంది. చెల్లి పెళ్లికి ఎకరం అమ్ముదామనుకున్నాం, బేరం కుదిరిన ఆయన మ్యాపు చూసి వెనక్కి తగ్గాడు. నాన్నకు నిద్ర పట్టట్లేదు. భూమి సర్కారు తీసుకున్నట్టేనా? ఎవరిని కలవాలి?

జవాబు (టౌన్ ప్లానింగ్‌లో పనిచేసి రిటైరైన సభ్యుడు):
తమ్ముడూ, భూమి పోలేదు. నాన్నగారికి ముందు ఆ మాట చెప్పు. మ్యాపులో రంగు వేసినంత మాత్రాన పట్టా మారదు, పాస్‌బుక్ రద్దు కాదు. ఇప్పుడు చేస్తున్న సాగు చేసుకోవచ్చు. సర్కారు నిజంగా తీసుకోవాలంటే 2013 భూసేకరణ చట్టం ప్రకారం నోటిఫికేషన్ ఇచ్చి, పరిహారం కట్టాలి. అది వేరే దారి.

అట్లని తేలిగ్గా తీసుకోవద్దు. ప్లాన్ ఫైనల్ అయితే రేపు ఇల్లు కట్టుకుంటామన్నా, లేఅవుట్ వేస్తామన్నా ఆ రంగు చూసే పర్మిషన్ ఇస్తారు. పార్కు జోన్‌లో ఇళ్లకు పర్మిషన్ రాదు. కొనేవాళ్లు వెనక్కి తగ్గేది అందుకే.

డ్రాఫ్ట్ అంటే అభ్యంతరాలు చెప్పమని పెట్టిందే. గడువు ఎప్పటిదాకా ఉందో నోటిఫికేషన్‌లో ఉంటుంది, మున్సిపల్ ఆఫీసులో నోటీసు బోర్డు మీద చూడు. వచ్చిన అభ్యంతరాలు కౌన్సిల్ ముందుకు వెళ్తాయి, అక్కణ్నుంచి డీటీసీపీకి (రాష్ట్ర టౌన్ ప్లానింగ్ శాఖకు), చివరికి సర్కారు జీవో ఇస్తుంది. జీవో వచ్చాక మార్చాలంటే భూ వినియోగ మార్పిడికి దరఖాస్తు పెట్టాలి, ఫీజు కట్టాలి, మళ్లీ సర్కారు దాకా ఫైలు నడవాలి. సన్నకారు రైతు ఆ తిరుగుడు తట్టుకోలేడు. ఇప్పుడు ఒక్క కాగితంతో అయ్యే పని ఇది.

వాట్సాప్ మ్యాపును నమ్మొద్దు. ఆఫీసులో రెండు మ్యాపులు అడుగు: ఇప్పుడు నేల ఎట్లా వాడుతున్నారో చూపేది ఒకటి, ముందు ఎట్లా వాడాలో చూపేది ఇంకొకటి. మొదటి దాంట్లో మీ పొలం బీడుగానో ఖాళీ జాగాగానో పడిందేమో చూడు. శాటిలైట్ బొమ్మల మీద గీసేటప్పుడు ఇట్లాంటి తప్పులు పడతాయి, అభ్యంతరానికి అంతకంటే బలమైన కారణం దొరకదు. ఊరి నక్షా తీసుకుపోయి సర్వే నంబరు సరిపోల్చుకో. గీత మందమే ఆ స్కేలులో కొన్ని గజాలు మింగేస్తుంది.

ఇంకో సభ్యుడు:
అన్నా, ఈ మాస్టర్ ప్లాన్లన్నీ రియల్ ఎస్టేట్ వాళ్ల కోసమే. కామారెడ్డిలో రైతులు కొట్లాడితేనే ఆగింది. అందరం కలిసి ప్లానే వద్దనాలి.

జవాబు:
కామారెడ్డి సంగతి నాకు ఇప్పటికీ బాధే. 2023 జనవరిలో ఒక రైతు ప్రాణం తీసుకున్నాడు, ఊర్లకు ఊర్లే రోడ్డెక్కాయి, ఆ తర్వాతే కౌన్సిల్ డ్రాఫ్ట్ వద్దని తీర్మానం చేసింది. జగిత్యాలలోనూ ఆ నెలలోనే అట్లాంటి తీర్మానమే అయింది. పచ్చని పొలాలను ఇండస్ట్రియల్ జోన్‌లో వేసేముందు ఊర్లో కూర్చుని మాట్లాడి ఉంటే అంత దాకా పోయేది కాదు.

కానీ ప్లానే వద్దనడం మాత్రం ఒప్పుకోను. ప్లాన్ లేని చోట ఏమవుతుందో చూశాను: ఇరవై ఫీట్ల సందులు, వాన పడితే ఇళ్లలోకి మురుగు, చెరువు శిఖంలో ప్లాట్లు, ఫైరింజన్ పోలేని కాలనీలు. పట్టణ ప్రణాళికను రాజ్యాంగం పన్నెండో షెడ్యూల్‌లో మున్సిపాలిటీల పనుల్లో మొదటిదిగా రాసింది ఊరికే కాదు. జనం ముందు పెట్టి, జనం మాట విని గీయమని అడుగుదాం.

మరో సభ్యురాలు:
సార్, మేము వెంచర్‌లో ప్లాటు కొనబోతున్నాం. నాలా (భూమిని వ్యవసాయేతరంగా మార్చడం) అయింది కాబట్టి జోన్‌తో పనిలేదని ఏజెంట్ అంటున్నాడు. నిజమేనా?

జవాబు:
కాదమ్మా. నాలా రెవెన్యూ వాళ్లది, వ్యవసాయ భూమిని వ్యవసాయేతరం చేస్తుంది, అంతే. జోన్ ప్లానింగ్ వాళ్లది. ఒకటి ఉన్నా రెండోది లేకపోతే ఇల్లు కట్టలేరు. హైదరాబాద్ చుట్టుపక్కలైతే హెచ్‌ఎండీఏలో సర్వే నంబరు ఇచ్చి ల్యాండ్ యూజ్ సర్టిఫికెట్ తీసుకోండి. పక్కన చెరువుంటే ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీళ్లు నిలిచే హద్దు), బఫర్ (ఆ హద్దు నుంచి వదలాల్సిన జాగా) కూడా చూడండి. పది హెక్టార్లు, అంతకు పైబడిన చెరువుకు 30 మీటర్లు, చిన్నవాటికి 9 మీటర్లు వదలాలి. అడ్వాన్సు ఇచ్చేముందే ఇవి చూసుకోండి.

ప్రశ్న అడిగినవారు:
సార్, ఆఫీసుకు పోయి చూశాను. రోడ్డు పక్క సర్వే నంబరులో ఉంది, మాకు తగలదు. ఆకుపచ్చ మాత్రం మా రెండెకరాల మీద పూర్తిగా ఉంది. మొదటి మ్యాపులో మా పొలం ఖాళీ స్థలమని ఉంది! వరి, బోరు, అన్నీ ఉన్నాయి అందులో. గడువు ఇంకా ఉందట.

జవాబు:
అయితే దరఖాస్తుకు మొదటి వాక్యం దొరికింది. కమిషనర్ పేరు మీద రాయి. ఫలానా సర్వే నంబరు, ఇంత విస్తీర్ణం, సాగులో ఉంది, భూ వినియోగ మ్యాపులో ఖాళీ స్థలమని తప్పు పడింది, దాని ఆధారంగా పార్కు ప్రతిపాదించారు, దాన్ని తొలగించాలి అని. పాస్‌బుక్ కాపీ, పహాణీ, బోరు కరెంటు బిల్లు, పొలం ఫొటోలు జత చెయ్యి. దగ్గర్లో గైరాన్ లాంటి సర్కారు భూమి ఉంటే ఆ సర్వే నంబరు రాసి, పార్కు అక్కడ పెట్టవచ్చని చెప్పు. వద్దని మాత్రమే రాసిన కాగితం కంటే, బదులు చోటు చూపించిన కాగితాన్ని కౌన్సిల్‌లో మాట్లాడటం తేలిక.

రెండు కాపీలు తీసుకుపో. ఒకటి ఇన్‌వర్డ్‌లో ఇచ్చి, రెండో దాని మీద నంబరు, తేదీ, ముద్ర వేయించుకో. ఇంకొకటి డీటీసీపీ డైరెక్టర్‌కు రిజిస్టర్డ్ పోస్టులో పంపు. మీ వార్డు కౌన్సిలర్‌కూ ఒక కాపీ ఇవ్వు, రేపు మీటింగులో నోరు తెరవాల్సింది ఆయనే. చుట్టుపక్కల రైతులు అందరూ సంతకాలు పెట్టి ఒకటి ఇస్తామంటే ఇవ్వండి, కానీ ఎవరి సర్వే నంబరుకు వాళ్లు విడిగా ఇవ్వడం మానొద్దు. కొన్ని వారాల తర్వాత కబురు లేకపోతే సమాచార హక్కు కింద నీ అభ్యంతరం మీద ఏం రాశారో అడుగు, 30 రోజుల్లో జవాబివ్వాలి. రాసిన దరఖాస్తు ఇక్కడ పెట్టు, ఇచ్చేముందు ఒకసారి చూసి చెప్తాను.