తోలుబొమ్మలు, పాత పట్టుచీరలు ప్రదర్శించే గదికి ఎల్.ఈ.డి. దీపాలు ఎలా ఎంచుకోవాలి?

ప్రశ్న (అనంతపురం)

అందరికీ నమస్కారం. అనంతపురంలో ఉన్న మా పాత మిద్దె ఇంటి పెద్ద గదిని చిన్న ప్రదర్శనశాలగా మార్చి, పెద్దలు భద్రపరిచిన వస్తువులను బడిపిల్లలకూ, ఊరికి వచ్చేవారికీ చూపించాలని మా అన్నదమ్ములం నిశ్చయించుకున్నాం. నిమ్మలకుంట కళాకారులు చేసిన తోలుబొమ్మలు, మా అవ్వ కాలం నాటి ధర్మవరం పట్టుచీరలు, ఇత్తడి బిందెలు, రాతి విసురురాళ్లు అందులో ఉంటాయి. దీపాల దుకాణంలో విచారిస్తే, ఎల్.ఈ.డి.లో అతినీలలోహిత కిరణాలు ఉండవు కనుక ఎంత వెలుతురైనా పెట్టుకోవచ్చని చెప్పి, 6500 కెల్విన్ల (కెల్విన్ అంటే కాంతి రంగును తెలిపే కొలత, అంకె పెరిగేకొద్దీ తెలుపులో నీలి ఛాయ పెరుగుతుంది) తెల్లని ప్యానెల్ దీపాలు తీసుకోమన్నారు. అది సరైన సలహాయేనా? ఏ దీపాలు తీసుకోవాలో, ఎంత వెలుతురు ఉంచాలో తెలిసినవారు చెప్పగలరు.

సమాధానం (కడప, విద్యుద్దీపాల ఏర్పాటు పనులు చేసే ఇంజనీరు)

నమస్కారమండి. దుకాణంవారి మాటలో సగం నిజం ఉంది. సాధారణ తెల్లని ఎల్.ఈ.డి.లో 450 నానోమీటర్ల దగ్గర నీలికాంతి ఇచ్చే చిప్ మీద, ఆ కాంతిలో కొంత భాగాన్ని పసుపుగా మార్చే ఫాస్ఫరు పూత ఉంటుంది కాబట్టి, అతినీలలోహిత కిరణాలు లెక్కలోకి తీసుకోవలసినంత ఉండవు. కానీ రంగులు వెలిసిపోవడానికి ఆ కిరణాలు మాత్రమే కారణం కాదు. మనకు కనిపించే వెలుతురు కూడా వాటిని తినేస్తుంది, అందులోనూ నీలి భాగం ఎక్కువ హాని చేస్తుంది. 6500 కెల్విన్ల దీపంలో ఆ నీలి భాగమే ఎక్కువ. అందువల్ల మీరు 2700 నుంచి 3000 కెల్విన్ల లోపు దీపాలు చూడండి.

రెండవది, రంగులను ఉన్నవి ఉన్నట్టు చూపించే గుణం. దీన్ని 100కి లెక్కగట్టి చెప్పే అంకె సీఆర్ఐ. పెట్టె మీద సీఆర్ఐ 80 అని రాసి ఉంటే అది వంటగదికి చాలు, మీ గదికి చాలదు. కనీసం 90 ఉండాలి. అంతటితో ఆగకుండా ఆర్9 ఎంతో కూడా అడగండి. సీఆర్ఐ సగటును ఎనిమిది లేత రంగుల మీదే కడతారు; ముదురు ఎరుపు ఆ ఎనిమిదింటిలో లేదు, దాన్ని ఆర్9 విడిగా చెబుతుంది. తోలుబొమ్మల్లో రావణుడి ఎరుపు, ధర్మవరం చీర అంచుల్లోని ఎరుపు నిర్జీవంగా కనిపిస్తే ప్రదర్శనకు అర్థమే ఉండదు కాబట్టి, ఆర్9 విలువ 50కి తగ్గని దీపాన్నే ఎంచుకోండి. ఆ వివరాలు లిఖితపూర్వకంగా ఇవ్వలేని సరుకును, ఎంత చవకైనా సరే, కొనవద్దని నా గట్టి అభిప్రాయం.

గది అంతటా ఒకే వెలుతురు పరిచే ప్యానెళ్ల బదులు ట్రాక్ మీద కదిలే స్పాట్ లైట్లు పెట్టుకుంటే, వస్తువును బట్టి వెలుతురు మార్చుకోవచ్చు. గోడకు వేలాడే వస్తువుల మీద కాంతి నిట్టనిలువు గీతకు 30 డిగ్రీల వాలులో పడేలా అమరిస్తే, అద్దం మీద మెరుపు చూసేవారి కళ్లలో పడదు. డిమ్మరు (వెలుతురు తగ్గించే మీట), డ్రైవరు (ఎల్.ఈ.డి.కి తగినట్టు కరెంటు అందించే పరికరం) ఒకదానికొకటి సరిపోయేవి కావాలి. సరిపోకపోతే వెలుతురు తగ్గించినప్పుడు దీపం మిణుకుమంటుంది. ఫోన్ కెమెరాలో స్లో మోషన్ పెట్టి చూస్తే ఆ మిణుకు తేలిగ్గా బయటపడుతుంది. ఎల్.ఈ.డి. కాంతిలో వేడి పెద్దగా లేకపోయినా దాని వెనుక భాగమూ, డ్రైవరూ వేడెక్కుతాయి కాబట్టి, మూసిన అద్దాల పెట్టె లోపల డ్రైవరును ఎన్నడూ ఉంచకండి. మన ఎండాకాలంలో ఆ వేడి కూడా తోడైతే తోలు ముడుచుకుపోతుంది.

సమాధానం (కర్నూలు, పాత వస్త్రాలు, తాళపత్రాల సంరక్షణలో పనిచేసేవారు)

కడపవారు దీపం గురించి చెప్పారు. నేను వెలుతురు మోతాదు గురించి చెబుతాను, ఎందుకంటే మీ వస్తువుల ఆయుష్షు దాని మీదే ఎక్కువగా ఆధారపడి ఉంటుంది.

అంతర్జాతీయ దీపన సంఘం సీఐఈ 2004లో ప్రచురించిన మార్గదర్శకాల ప్రకారం రంగు వేసిన తోలుకు 50 లక్స్ (వస్తువు మీద పడే వెలుతురు కొలత) మించకూడదు, ఏడాది మొత్తానికి 1,50,000 లక్స్-గంటలు (లక్స్‌ను వెలిగిన గంటలతో గుణించిన మొత్తం) దాటకూడదు. పట్టుకు కూడా 50 లక్సే గానీ, ఏడాది పరిమితి 15,000 లక్స్-గంటలు మాత్రమే. రోజుకు 8 గంటలు, ఏడాదికి 300 రోజులు 50 లక్స్ వెలిగిస్తే మొత్తం 1,20,000 అవుతుంది. అంటే తోలుబొమ్మలు హద్దులోనే ఉంటాయి, పక్కనే ఉన్న పట్టుచీర మాత్రం తన హద్దుకు ఎనిమిది రెట్ల వెలుతురు తింటుంది. ఇక్కడ దీపాన్ని మార్చి ప్రయోజనం లేదు, వెలిగే గంటలు తగ్గాలి. చీరల దగ్గర మనిషి వచ్చినప్పుడే వెలిగే సెన్సరు పెట్టి, రోజు మొత్తం మీద వెలుతురు గంటకు మించకుండా చూస్తే సరిగ్గా 15,000 దగ్గర ఆగుతుంది. లేదా చీరలను వంతులవారీగా బయట పెట్టి, మిగిలినవి చీకటిలో భద్రపరచాలి. వెలిసిన రంగు చీకటిలో ఉంచితే తిరిగి రాదు కాబట్టి ఈ లెక్కను మొదటి రోజు నుంచే పాటించండి. ఇత్తడికీ రాతికీ ఈ భయం లేదు, వాటిని మీకు నచ్చినంత వెలుతురులో పెట్టుకోవచ్చు.

ఇంతకంటే ముందు కిటికీలు మూయించండి. బయటి ఎండ లక్ష లక్స్ దాకా ఉంటుంది, అందులో అతినీలలోహిత కిరణాలూ ఉంటాయి. అది లోపలికి వస్తుంటే మీరు ఎంత మంచి దీపం కొన్నా వృథాయే. అయితే ఆ ఎండలోంచి నేరుగా వచ్చినవారికి 50 లక్స్ గది చీకటి కొట్టంలా అనిపిస్తుంది. అందుకని ఇత్తడి, రాతి వస్తువులను గుమ్మం దగ్గర కాస్త ఎక్కువ వెలుతురులో పెట్టి, లోపలికి పోయేకొద్దీ తగ్గించుకుంటూ పోతే, చీరల దగ్గరికి చేరేసరికి కళ్లు అలవాటు పడతాయి. ఒక లక్స్ మీటరు కొనుక్కుని, వస్తువు మీదనే ఆనించి కొలవండి. ఫోన్ యాప్‌ల అంకెలను నమ్మకండి.

ప్రశ్న అడిగినవారు (అనంతపురం)

ఇద్దరికీ కృతజ్ఞతలు. చీరల విషయం ఇంత నాజూకైనదని మాకు తెలియదు. ఒక సందేహం మిగిలింది: తోలుబొమ్మలను ముందు నుంచి వెలిగించాలా, వెనుక నుంచా?

సమాధానం (ధర్మవరం, తోలుబొమ్మలు చేసే కుటుంబం)

వెనుక నుంచేనండి. మేకతోలును పలచగా గీకి, రెండు వైపులా రంగు వేసి, నగల కోసం సన్నని చిల్లులు కొట్టేది తెర వెనుక దీపం పెట్టి ఆడించడానికే. ముందు నుంచి వెలుగు వేస్తే ఆ చిల్లుల పనితనం నల్లని చుక్కలుగా మిగిలిపోతుంది. పాత బొమ్మలకు వాడిన రంగులు వేరు, ఇప్పటి సిరా రంగులు వేరు కాబట్టి, మీ దగ్గర ఉన్నవాటిలో ఏవి ఏ కాలానివో చేసినవారికి చూపించి, సందేహం ఉన్నదాన్ని చీరలతో సమానంగా చూసుకోండి.

సమాధానం (కడప, ఇంజనీరు)

వారు చెప్పినది నిజం. వెనుక నుంచి వెలిగించేటప్పుడు రెండు జాగ్రత్తలు తీసుకోండి. ఎల్.ఈ.డి. చుక్కలు చిల్లుల్లోంచి సూదుల్లా కళ్లలో పొడవకుండా, దీపానికీ బొమ్మకూ నడుమ పాలరంగు యాక్రిలిక్ పలక పెట్టండి. దీపాలకూ పలకకూ మధ్య జానెడు ఎడం ఉంటే వెలుతురు సమానంగా పరుచుకుంటుంది. లక్స్‌ను మాత్రం మనం నిలబడే వైపు కాక, దీపం వైపున్న తోలు మీద కొలవాలి. తోలు నాలుగో వంతు కాంతినే బయటకు వదిలిందనుకుంటే, ముందువైపు 50 కనిపించేటప్పటికి వెనుక 200 పడుతూ ఉంటుంది. వెనుక 50 ఉంచితే బొమ్మ మసకగా ఉందని అనిపిస్తుంది గానీ, చుట్టూ గోడకు ముదురు రంగు వేసి, ఆ మూలలో వేరే దీపం లేకుండా చేస్తే చక్కగా కనిపిస్తుంది. మీట నొక్కితే కొద్ది నిమిషాలు వెలిగి ఆరిపోయేలా టైమరు పెట్టించండి, పిల్లలకు కూడా అది ఇష్టమవుతుంది. దీపాలు కొనేటప్పుడే అదే మోడల్, అదే బ్యాచ్ దీపాలు కొన్ని అదనంగా తీసుకుని పెట్టుకోండి. రెండేళ్ల తరువాత ఒకటి పోయి కొత్తది వేస్తే దాని తెలుపు పక్కవాటితో కలవకపోవచ్చు.