బోరు నీళ్లకు పొర, ఆర్వో నీళ్లకు చప్పన, సెంచా చేదు: ఎక్కడ తప్పుతోంది?

మారతహళ్లి_కప్పు:
నమస్తే అండీ. పాలు, పంచదార లేకుండా ఆకు టీలు ఒక్కొక్కటీ రుచి చూద్దామని మొదలుపెట్టాను. ప్రస్తుతం డార్జిలింగ్ ఫస్ట్ ఫ్లష్ (ఏడాదిలో మొదటి కోత), జపాన్ గ్రీన్ టీ సెంచా, అస్సాం ఆర్థడాక్స్ (పొడి కాకుండా ఆకుగా ఉండే బ్లాక్ టీ) ఉన్నాయి. మూడూ ఒకేలా పెడుతున్నాను: కప్పుకి ఒక చెంచా ఆకు, తెర్లే నీళ్లు, 4 నిమిషాలు.

మా అపార్ట్‌మెంట్ కుళాయిలో వచ్చేది బోరు నీళ్లు. వాటితో పెడితే అస్సాం మీద పది నిమిషాల్లో నూనె తెట్టులాంటి పొర కడుతోంది, కప్పు అంచున గోధుమరంగు చార పడుతోంది. ఆర్వో నీళ్లకు పొర లేదు గానీ డార్జిలింగ్ పలచగా, చప్పగా ఉంటోంది. సెంచా ఏ నీళ్లతో పెట్టినా చేదే. తప్పు ఆకుదా, నీళ్లదా, నా పద్ధతిదా? ఇంట్లో థర్మామీటర్ లేదు. ఇవి సర్దుకున్నాక ఏం కొనాలో కూడా చెప్పండి.

నీళ్లే_సగం:
ఆకును ఆఖర్న అనుమానిద్దాం, ముందు నీళ్ల సంగతి చూడండి.

ఆ పొర నూనె కాదు. నీళ్లలోని కాల్షియం, బైకార్బనేట్, టీకి వగరు ఇచ్చే పాలీఫెనాళ్లు గాలి తగిలేచోట కలిసి కట్టే తెట్టు అది. ఒకే టీని రెండు కప్పుల్లో పోసి, ఒకదాంట్లో వెంటనే నాలుగు చుక్కల నిమ్మరసం వేసి చూడండి. రెండోదాని మీద ముడతలు పడే పొర కడుతుంది, నిమ్మ పడినదాని మీద కట్టదు. పులుపు ఆ బైకార్బనేట్‌ను విరిచేసి కాల్షియాన్ని పట్టేసుకుంటుంది. ఇది పరీక్షకే, డార్జిలింగ్‌లో రోజూ నిమ్మ పిండకండి, ఆకు వాసనంతా దాని కింద పడిపోతుంది.

ఆర్వోది దీనికి తిరగబడిన సమస్య. ఖనిజాలు దాదాపు పోయిన నీళ్లలో టీ పలచగా, కాస్త పుల్లగా దిగుతుంది. టీడీఎస్, అంటే లీటరు నీళ్లలో కరిగి ఉన్న ఖనిజాలు, 50 నుంచి 150 మి.గ్రా. మధ్య ఉంటే టీకి బాగుంటుంది. పెన్నులాంటి మీటరుతో కొలవండి. చాలా ఆర్వో యంత్రాల్లో టీడీఎస్ పెంచే చిన్న స్క్రూ ఉంటుంది, సర్వీసుకు వచ్చినప్పుడు 100 దగ్గర పెట్టించుకోండి. అది లేకపోతే కలుపుకోవడమే. ఆర్వో 30, బోరు 800 అనుకుంటే తొమ్మిది గ్లాసుల ఆర్వోకి ఒక గ్లాసు బోరు నీళ్లు, మొత్తం 107 అవుతుంది. బోరు నీళ్లు తాగడానికి పనికొస్తాయని ల్యాబులో పరీక్ష చేయించి ఉంటేనే ఈ పని చేయండి.

మీటరు చెప్పనిది ఒకటుంది. అపార్ట్‌మెంట్లో సాఫ్ట్‌నర్ ఉంటే అది కాల్షియం తీసేసి సోడియం పెడుతుంది. పొర తగ్గుతుంది, టీడీఎస్ తగ్గదు, బైకార్బనేట్ అలాగే ఉంటుంది. అందుకే ఆ నీళ్లలో టీ నల్లగా, మొద్దుగా వస్తుంది. మీటరు అంకె ఒకటే అయినా కప్పు వేరు.

త్రాసు_గడియారం:
సెంచాలో మీరు చేదు అంటున్నది నిజంగా చేదేనా, వగరా? పచ్చి అరటికాయ కొరికినట్టు నాలుక పట్టేస్తే అది వగరు. రెండూ ఎక్కువగా కాటెకిన్లు (పైన చెప్పిన పాలీఫెనాళ్లలో ఒక రకం), కెఫీన్ వల్లే, వేడి పెరిగేకొద్దీ అవి ఎక్కువ దిగుతాయి. సెంచాకు తియ్యటి కమ్మదనం ఇచ్చే థియనిన్ తక్కువ వేడికే దిగుతుంది. కాబట్టి తెర్లే నీళ్లు పోస్తే చేదు ముందుకొచ్చి కమ్మదనాన్ని కప్పేస్తుంది.

థర్మామీటర్ అక్కర్లేదు. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది కనుక నీళ్లు 97 డిగ్రీల దగ్గరే తెర్లుతాయి. రెండు పాళ్ల తెర్లే నీళ్లకు ఒక వంతు 25 డిగ్రీల చల్లటి నీళ్లు కలిపితే 73, సెంచాకు సరిగ్గా సరిపోతుంది. ఎనిమిదికి ఒకటి కలిపితే 89, ఫస్ట్ ఫ్లష్‌కు అది చాలు. అస్సాంకు ఏమీ కలపొద్దు. కప్పును ముందే వేడి నీళ్లతో తొలవండి, చల్లటి పింగాణీ వేడిని లాగేస్తుంది.

సెంచా 3 గ్రాములకు 120 మి.లీ., ఒక నిమిషం. వంపేటప్పుడు చివరి బొట్టు దాకా వంపండి, అడుగున నీళ్లు మిగిలితే ఆకు నానుతూనే ఉండి రెండో కప్పు చేదెక్కుతుంది. ఆ రెండో కప్పుకు 20 సెకన్లు చాలు. ఫస్ట్ ఫ్లష్, అస్సాం రెండింటికీ 150 మి.లీ.కి 2.5 గ్రాములు, 3 నిమిషాలు.

చెంచా లెక్క మానేయండి. పొంగు పొంగుగా ఉండే వైట్ టీ చెంచాడు ఒక గ్రాము కూడా తూగదు, సీటీసీ (పాల టీకి వాడే గుండ్రటి పలుకుల టీపొడి) అంతకు రెండింతలు దాటుతుంది. 0.1 గ్రాము చూపే చిన్న నగల త్రాసు కొనండి. కెటిల్ కన్నా అదే ముందు.

తర్వాత కొనాల్సింది నీలగిరి. ఒకే తోటవి వైట్, గ్రీన్, ఊలాంగ్, బ్లాక్ 25 గ్రాముల చొప్పున తెప్పించుకుని పక్కపక్కన తాగండి. నాలుగూ ఒకే కొండవి, ఆకును వాడబెట్టడం, నలపడం, గాలికి రంగు మారనివ్వడం ముఖ్యంగా వేరు. టీ రకం అంటే ఏమిటో నాలుకకు తెలిసేది అప్పుడే. డిసెంబరు, ఫిబ్రవరి మధ్య కోసిన ఫ్రాస్ట్ టీ దొరికితే వదలకండి. ఆ చలికి చిగురు నెమ్మదిగా పెరిగి పూల వాసన బాగా పడుతుంది.

అడయారు_చల్లటీ:
చెన్నై నుంచి ఒక మాట. ఇక్కడ నీళ్లు 100 డిగ్రీలకు తెర్లుతాయి, గది నీళ్లు 30 ఉంటాయి. పైన చెప్పిన రెండుకి ఒకటి కలిపితే ఇక్కడ 77 వస్తుంది, సెంచాకు కాస్త ఎక్కువ. మూడుకి రెండు కలిపితే 72.

కొనడంలో నేను త్రాసు గారితో పూర్తిగా ఏకీభవించను. నాలుగు రకాలు ఒకేసారి పెట్టుకుంటే కొత్తవారికి తేడాలు మరీ పెద్దవిగా కనబడతాయి, చిన్న తేడా పట్టడం రాదు. చేతిలో ఫస్ట్ ఫ్లష్ ఉంది కదా, అదే తోట సెకండ్ ఫ్లష్ కొనండి. మార్చి ఆకు లేతపచ్చగా, పచ్చి వాసనతో ఉంటుంది, మే-జూన్ ఆకు ఎర్రగా దిగి పండిన ద్రాక్ష వాసన ఇస్తుంది. అస్సాం సెకండ్ ఫ్లష్ దీని పక్కన పెడితే మొలకెత్తించి వేయించిన రాగిపిండి వాసన. ఆ మూడు కప్పులు నెల రోజులకు సరిపోయే పాఠం.

ఎండాకాలానికి నీలగిరి బ్లాకే. చల్లార్చినా పెద్దగా మబ్బు పట్టదు. లీటరు నీళ్లకు 8 గ్రాములు వేసి ఫ్రిజ్‌లో 8 గంటలు ఉంచి వడకట్టండి.

నిల్వ మాత్రం జాగ్రత్త. ఇక్కడి తేమకు తెరిచిన గ్రీన్ టీ నెలా రెండు నెలల్లో వాసన పోగొట్టుకుంటుంది. గాలి చొరని రేకు డబ్బాలో, పోపుల డబ్బాకు దూరంగా పెట్టండి. ఇంగువ పక్కన వారం ఉంటే ఆకు ఇంగువే. విప్పని ప్యాకెట్ ఫ్రిజ్‌లో పెడితే, బయటకు తీశాక గది వేడికి వచ్చేదాకా కత్తిరించకండి, లేకపోతే చల్లటి ఆకు మీద చెమ్మ పడుతుంది.

మారతహళ్లి_కప్పు:
కలిపిన నీళ్లతో, 73 డిగ్రీల దగ్గర సెంచా పెట్టాను. చేదు పోయింది, ఉడికిన పాలకూర వాసన, చివర్న తీపి. చాలా థాంక్సండీ. ఒక సందేహం: ప్యాకెట్ మీద ఎస్ఎఫ్‌టీజీఎఫ్ఓపీ అని ఉంది. అక్షరాలు ఎన్ని ఎక్కువైతే అంత మంచి టీనా?

త్రాసు_గడియారం:
కాదండీ. అది ఆకు పరిమాణం, రూపం, మొగ్గలు ఎంత ఉన్నాయో చెప్పే గుర్తు. రుచికి మార్కులు కావు. ప్యాకెట్ మీద తోట పేరు, ఫ్లష్, కోసిన సంవత్సరం చూడండి. ఫస్ట్ ఫ్లష్‌కు సంవత్సరం లేకపోతే ఆ ప్యాకెట్ కొనకండి.