రిపోర్టులన్నీ నార్మలే, నీరసం మాత్రం తగ్గట్లేదు: ఇంకా ఏం చూడాలి?

ప్రశ్న
ఆడమనిషిని, వయసు 38. కొన్ని నెలలుగా నీరసం. చదివిన పేరానే మళ్లీ చదవాల్సి వస్తోంది, తెలిసిన పేర్లు నోటికి రావట్లేదు. హిమోగ్లోబిన్ 12.3, థైరాయిడ్ పరీక్ష టీఎస్‌హెచ్ 2.1, షుగర్ నార్మల్. రోజూ వేసుకునేవి: అసిడిటీకి పాంటోప్రజోల్, అలర్జీకి సెటిరిజిన్, జుట్టుకి బయోటిన్. ఇంకేం పరీక్షలు అడగాలి?

జవాబు 1
ముందు ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వలు చెప్పే పరీక్ష) అండి. 12.3 అంటే రక్తహీనత హద్దు 12 దాటారని మాత్రమే. ఐరన్ తగ్గుతున్నప్పుడు ముందు నిల్వలు ఖాళీ అవుతాయి, హిమోగ్లోబిన్ పడిపోయేది ఆ తర్వాతే. ల్యాబ్ షీటులో కింది హద్దు 10, 15 అని వేస్తారు గానీ, 30 లోపు ఉంటే చాలామంది డాక్టర్లు లోపం కిందే లెక్కేస్తారు. ఒంట్లో ఇన్‌ఫెక్షన్, వాపు ఉంటే ఐరన్ నిల్వలు తక్కువున్నా ఫెరిటిన్ ఎక్కువ చూపించొచ్చు. అందుకే అదే శాంపిల్‌లో వాపుని పట్టిచ్చే సీఆర్‌పీ కూడా చూడమనండి.

లోపం తేలితే మాత్రలు ఎక్కువ మింగితే త్వరగా ఎక్కుతుందనుకోవద్దు. ఒక డోసు పడగానే హెప్సిడిన్ అనే హార్మోన్ పెరిగి, దాదాపు 24 గంటలు పేగుల్లో ఐరన్‌ని అడ్డుకుంటుంది. రోజు విడిచి రోజు ఒకటి వేసుకోవడం మేలా అని డాక్టర్‌ని అడగండి. టీ, కాఫీ, కాల్షియం మాత్ర దానికి దూరంగా ఉండాలి. నెలసరిలో రక్తం ఎక్కువ పోతోందేమో కూడా చెప్పండి, కారణం వదిలేస్తే నిల్వలు మళ్లీ ఖాళీ అవుతాయి.

జవాబు 2
నాకు అనుమానం ఆ టీఎస్‌హెచ్ మీద. బయోటిన్ కొన్ని ల్యాబ్ పద్ధతుల్ని తప్పుదోవ పట్టించి, టీఎస్‌హెచ్‌ని ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. అంటే ఎక్కువున్నది కూడా నార్మల్‌గా కనిపించొచ్చు. కనీసం 2 రోజులు ఆపి (డోసు పెద్దదైతే ఇంకా ఎక్కువ), ఫ్రీ టీ4 (థైరాయిడ్ హార్మోన్ పరీక్ష)తో కలిపి మళ్లీ చేయించండి.

పాంటోప్రజోల్ ఏళ్ల తరబడి వాడుతుంటే బీ12 కూడా చూడాలి. 200 లోపు లోపమే. 200-300 మధ్య వస్తే మిథైల్‌మలోనిక్ యాసిడ్ పరీక్ష తేలుస్తుంది. ఈలోగా ఫోలిక్ యాసిడ్ ఒక్కటే మొదలుపెట్టకండి: రక్తం బాగుపడినట్టు కనిపిస్తుంది, లోపల నరాలు దెబ్బతింటూనే ఉంటాయి. పాంటోప్రజోల్‌ని ఉన్నట్టుండి ఆపేసినా యాసిడ్ ఎగదన్నుతుంది, డాక్టర్‌తో చెప్పే తగ్గించాలి. సెటిరిజిన్ కొందరికి మరుసటి రోజు దాకా మత్తుగా ఉంచుతుంది. ఫెక్సోఫెనడిన్‌కి మారొచ్చా అని అడగండి.

ప్రశ్న అడిగినవారు
ఎనిమిది గంటలు పడుకున్నా ఇలాగే ఉంటోంది. లోపం నిద్రలో ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

జవాబు 3
మీది నిద్రమత్తా, నీరసమా? రెండూ ఒకటి కాదు. కూర్చుంటే కునుకు పడుతుంటే అది మత్తు. నిద్రమత్తుని కొలిచే ఎప్‌వర్త్ ప్రశ్నావళిలో 8 ప్రశ్నలు, 24 మార్కులు. 10 దాటితే నిద్ర పరీక్ష గురించి అడగాలి. గురక, పొద్దున్నే తలనొప్పి, నోరెండిపోవడం ఉంటే స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం) కావచ్చు. సన్నగా ఉన్నవాళ్లకూ వస్తుంది.

ఒళ్లు కదలదు గానీ నిద్ర కూడా పట్టదు అంటే దారి వేరు. ముఖ్యంగా కాస్త ఎక్కువ పని చేశాక అప్పుడు బాగానే ఉండి, 12 నుంచి 48 గంటల్లో కుప్పకూలుతున్నారా చూసుకోండి. పనులు, అలసట గంటలవారీగా రెండు వారాలు రాస్తే ఇది బయటపడుతుంది. ఇలా 6 నెలలు దాటితే క్రానిక్ ఫటీగ్ సిండ్రోమ్ (దీర్ఘకాలిక అలసట జబ్బు) కోణంలో చూపించుకోవాలి. అలాంటివాళ్లకు "రోజూ కొంచెం కొంచెం వ్యాయామం పెంచు" అనే సలహా హాని చేస్తుంది. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలిచ్చే నైస్ సంస్థ 2021లో దాన్ని వద్దంది.

నిలబడితేనే బుర్ర మసకబారుతుంటే, 10 నిమిషాలు పడుకుని నాడి చూసుకోండి, తర్వాత గోడకి ఆనుకుని 10 నిమిషాలు నిలబడి నిమిషానికోసారి చూడండి. బీపీ పడిపోకుండా నాడి పడుకున్నప్పటికన్నా నిమిషానికి 30కి పైగా పెరిగి అలాగే నిలిచిపోతే ఆ అంకెలు డాక్టర్‌కి చూపించాలి. పక్కన ఎవరైనా ఉండగానే చేయండి, కళ్లు తిరిగితే వెంటనే ఆపేయండి.

జవాబు 1
ఒకటి మరిచాను. కారణం లేకుండా బరువు తగ్గడం, రాత్రిళ్లు జ్వరం, చెమటలు ఉంటే పరీక్షల వరుస చూసుకుంటూ కూర్చోకండి, త్వరగా చూపించుకోండి. ఆయాసం, ఛాతీ నొప్పి వస్తే ఆ రోజే వెళ్లాలి.