ఫ్యాన్ బెల్టు ఇంట్లోనే మార్చుకోవడం: చేసినవారి అనుభవాలు కావాలి

పాతకారు:
మిత్రులందరికీ నమస్కారం. ఉదయం కారు మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు బానెట్ లోపలి నుంచి కీచుమనే శబ్దం వస్తోంది. రెండు మూడు నిమిషాల్లో తగ్గిపోతుంది గాని, ఏసీ వేసినా స్టీరింగును చివరిదాకా తిప్పినా మళ్లీ మొదలవుతుంది. టార్చి వేసి చూస్తే బెల్టు లోపలివైపున అడ్డంగా సన్నని పగుళ్లు కనిపించాయి, ఒక అంచున నూలు పోగు బయటికి వచ్చి వేలాడుతోంది. ఆయిల్ మార్చడం, బ్రేకు ప్యాడ్లు మార్చడం నాకు అలవాటే గాని ఇంజను పుల్లీల జోలికి ఎన్నడూ పోలేదు. ఈ పని చేసినవారు, ముఖ్యంగా చేస్తూ పొరపాటు పడినవారు, వివరంగా రాయవలసిందిగా కోరుతున్నాను.

పానా:
నూలు పోగు బయటికి వచ్చిందంటే ఆ బెల్టు ఇక ఎక్కువ రోజులు నిలవదు, దూర ప్రయాణం పెట్టుకోకండి. మనమంతా అలవాటు కొద్దీ ఫ్యాన్ బెల్టు అంటున్నాం గాని, ఇప్పటి కార్లలో చాలావాటికి రేడియేటర్ ఫ్యాను కరెంటు మోటారుతోనే తిరుగుతుంది. ఈ బెల్టు తిప్పేది బ్యాటరీని చార్జి చేసే ఆల్టర్నేటర్‌ను, ఏసీ కంప్రెసర్‌ను, బండిని బట్టి పవర్ స్టీరింగ్ పంపును, నీటి పంపును కూడా. నీటి పంపు ఈ బెల్టు మీదే తిరిగే బండిలో అది తెగితే బ్యాటరీ దీపం వెలగడంతో ఆగదు, నిమిషాల్లో ఇంజను వేడెక్కిపోతుంది. టైమింగ్ బెల్టు వేరు, అది పళ్లతో ఉండి మూత వెనక దాగి ఉంటుంది, దాన్ని ఈ పద్ధతిలో ముట్టుకోకూడదు.

కొత్త బెల్టు తెచ్చేముందు పాతదాని వీపు మీది అంకెలు చదవండి. ఉదాహరణకు 6పీకే1870 అని ఉంటే ఆరు రిబ్బులు (బెల్టు లోపలివైపు పొడవునా ఉండే గట్లు), 1870 మిల్లీమీటర్ల పొడవు అని అర్థం. అక్షరాలు చెరిగిపోయి ఉంటే బండి మోడలు, ఇంజను రకం చెప్పి తీసుకోండి. బెల్టు విప్పేముందే అది ఏ పుల్లీ పైనుంచి ఏ పుల్లీ కిందికి వెళుతోందో మూడు నాలుగు కోణాల్లో ఫోటోలు తీసుకోండి. కొన్ని బండ్లలో బానెట్ కింద బొమ్మతో ఒక కాగితం అతికించి ఉంటుంది గాని, దాని మీద ఒకటికి రెండు బొమ్మలుంటే మీ ఇంజనుది ఏదో తేల్చుకోవడం కష్టమవుతుంది. నేను ఫోటోనే నమ్ముతాను.

చల్లారిన ఇంజను మీదే పని మొదలుపెట్టండి. తాళంచెవి జేబులో ఉండాలి, బ్యాటరీ నెగటివ్ తీగ విప్పి ఉండాలి. ఇంజను ఆగి ఉన్నా కొన్ని బండ్లలో రేడియేటర్ ఫ్యాను తనంతట తాను తిరగడం మొదలుపెడుతుంది.

షెడ్డుమనిషి:
చాలా కాలం మరమ్మతు షెడ్డులో పనిచేసినవాడిగా ఒక మాట చెప్పాలనిపించింది. బెల్టు మార్చడం ఈ పనిలో చిన్న భాగం, పాతది ఎందుకు అరిగిందో కనిపెట్టడమే అసలు పని. ఆ కారణం అలాగే ఉండిపోతే కొత్త బెల్టు కూడా కొన్నాళ్లకు అదే పాట పాడుతుంది.

విప్పకముందు ఒక పరీక్ష చేసి చూడండి. ఇంజను నడుస్తుండగా, చేతులూ వదులు దుస్తులూ దూరంగా ఉంచి, స్ప్రే సీసాతో బెల్టు రిబ్బులవైపు కొద్దిగా నీళ్లు చిలకరించండి. శబ్దం కాసేపు ఆగి మళ్లీ వస్తే ఏదో ఒక పుల్లీ వరుస తప్పి ఉందని అనుమానించాలి, నీళ్లు పడగానే శబ్దం పెరిగితే బిగువు చాలక బెల్టు జారుతోందని అర్థం. ఇంజను నడుస్తున్నప్పుడే టెన్షనర్ చేతిని, అంటే బెల్టును బిగువుగా నొక్కిపట్టే కడ్డీని, కూడా గమనించండి. అది దాదాపు కదలకుండా ఉండాలి, గడగడ వణుకుతుంటే టెన్షనర్ పని అయిపోయినట్టే.

బెల్టు తీసిన తరువాత ప్రతి పుల్లీనీ చేత్తో తిప్పి చూడండి. ముఖ్యంగా ఐడ్లర్ పుల్లీ (దేన్నీ నడపకుండా బెల్టుకు దారి మాత్రమే చూపేది) మెత్తగా, కొద్దిపాటి బరువుతో తిరగాలి. ఇసుక నలిగినట్టు గరగరలాడినా, లోపల గ్రీజు ఎండిపోయి బొంగరంలా ఆగకుండా తిరిగినా బేరింగు మార్చవలసిందే. పుల్లీ గాళ్లలో ఆయిల్ గాని కూలెంట్ గాని తడిగా కనిపిస్తే ముందు ఆ కారుడును ఆపాలి. జారకుండా చేస్తుందని అమ్మే స్ప్రే మందులు వాడకండి, అవి శబ్దాన్ని నాలుగు రోజులు దాచి, బెల్టుకు దుమ్మును అంటిస్తాయి.

ఆదివారంపని:
నేను పడిన పొరపాటు చెబుతాను. మా బండిది స్ప్రింగు టెన్షనర్. దాని మీది నట్టుకు పొడవాటి పిడి ఉన్న స్పానర్ వేసి లాగితే టెన్షనర్ చేయి వెనక్కి జరిగి బెల్టు వదులైంది. ఆ స్ప్రింగు బలం గట్టిది, ఒక్కసారిగా వదిలేస్తే వేళ్లు నలుగుతాయి కాబట్టి నెమ్మదిగానే వెనక్కి రానివ్వాలి. కొత్త బెల్టు అన్నిటికీ చుట్టి, చివరగా పైనున్న ఆల్టర్నేటర్ పుల్లీ మీదికి ఎక్కించి, పని అయిపోయిందనుకుని స్టార్ట్ చేశాను. అర నిమిషం గడవకముందే టపటపమని శబ్దం వచ్చింది. ఆపి చూస్తే కింద, ఇంజను బలంతో బెల్టును తిప్పే క్రాంక్ పుల్లీ దగ్గర బెల్టు ఒక గాడి పక్కకు జరిగి కూర్చుంది, చివరి రిబ్బు పుల్లీ అంచు దాటి గాలిలో వేలాడుతూ సన్నని దారంలా చీలిపోయి ఉంది. పైనుంచి చూస్తే అంతా సవ్యంగానే కనిపించింది. కింది పుల్లీని చక్రం పక్కనుంచి టార్చి వేసి, వేలితో అంచు తడిమి చూసి ఉంటే ఆ బెల్టు దక్కేది.

అప్పటినుంచి స్టార్ట్ చేయకముందే క్రాంక్ బోల్టుకు సాకెట్ వేసి, ఇంజను తిరిగే దిశలోనే చేత్తో రెండు చుట్లు తిప్పి, ప్రతి పుల్లీనీ మళ్లీ చూస్తున్నాను. రిబ్బులున్న వైపు గాళ్లున్న పుల్లీల మీద, నున్నటి వీపు నున్నటి పుల్లీల మీద పడుతోందో లేదో కూడా అప్పుడే తెలుస్తుంది. దారి తప్పించి చుట్టితే నీటి పంపు ఎదురు దిశలో తిరిగే ప్రమాదం ఉంది.

పానా:
మరొకటి చెప్పడం మరిచాను. కొన్ని బండ్లకు టెన్షనరే ఉండదు, సాగే గుణమున్న బెల్టును బలంగా లాగి ఎక్కిస్తారు. దానికి ప్రత్యేక పనిముట్టు కావాలి. స్క్రూడ్రైవరుతో ఎగదన్ని ఎక్కించాలని చూస్తే లోపలి తాళ్లు తెగుతాయి, అది బయటికి కనిపించదు.

షెడ్డుమనిషి:
పగుళ్లు లేవని బెల్టు బాగున్నట్టు అనుకోవద్దని కూడా ఇతర పాఠకులకు చెబుతున్నాను. పాత నియోప్రీన్ రబ్బరు బెల్టులు పగిలేవి. ఇప్పటి ఈపీడీఎం రబ్బరు పగలకుండానే టైరులాగా అరుగుతుంది. రిబ్బుల మధ్య గాళ్లు లోతై, బెల్టు పుల్లీ అడుగును తాకుతూ జారుతుంది. దాన్ని కొలిచే చిన్న ప్లాస్టిక్ గేజీలు దొరుకుతాయి.

పాతకారు:
అందరికీ కృతజ్ఞతలు. మొన్న ఆదివారం పని ముగించాను. నీళ్లు చిలకరించగానే శబ్దం పెరిగింది, టెన్షనర్ చేయి కంటికి కనిపించేంతగా వణుకుతోంది. బెల్టు తీసి ఐడ్లర్‌ను తిప్పితే షెడ్డుమనిషి గారు చెప్పిన ఇసుక గరగర స్పష్టంగా వినిపించింది, వేలికి కూడా తెలిసింది. బెల్టు ఒక్కటే మార్చాలనుకున్న నేను టెన్షనర్, ఐడ్లర్ కూడా తెప్పించి మూడూ కలిపి మార్చాను. కింది పుల్లీని ఆదివారంపని గారు చెప్పినట్టు వేలితో తడిమితే నిజంగానే బెల్టు ఒక గాడి బయటికి జరిగి ఉంది. టెన్షనర్‌ను మళ్లీ వదులుచేసి సరిచేసుకున్నాను. మూడు రోజులుగా ఉదయం పూట స్టార్ట్ చేసి, ఏసీ వేసి, స్టీరింగును చివరిదాకా తిప్పి చూస్తున్నాను. శబ్దం లేదు.