అప్‌డేట్: నాన్న షుగర్, లెప్టిన్ టెస్ట్ సంగతి

సన్నగా ఉండే నాన్నకి షుగర్, బీపీ ఎందుకొచ్చాయి, లెప్టిన్ (కొవ్వు కణాల నుంచి వచ్చే, ఆకలి తగ్గించమని మెదడుకి చెప్పే హార్మోన్) టెస్ట్ చేయించాలా అని అడిగాను కదా, ఎంవీపీ కాలనీలో డాక్టరు గారికి చూపించాం. ఆవిడ బరువు సంగతి పక్కనపెట్టి టేపుతో నడుము కొలిచారు: 97 సెంటీమీటర్లు. మన మగవాళ్లకి 90 దాటితే రిస్కేనట.

పేగుల చుట్టూ కొవ్వు పేరుకుంటే రక్తనాళాలకి మేలు చేసే అడిపోనెక్టిన్ అనే హార్మోన్ తగ్గుతుంది, లెప్టిన్ మాత్రం పెరుగుతుంది, పెరిగినా ఆకలి విషయంలో మెదడు దాని మాట వినదు, పైగా అది బీపీని ఎగదోస్తుంది. 1994లో లెప్టిన్ జన్యువు దొరికినప్పుడు లావుకి మందు దొరికేసిందనుకున్నారు, కానీ చాలామందిలో అది పనిచేయకపోవడానికి కారణం మెదడు ఇలా మాట వినకపోవడమే.

టెస్ట్ అక్కర్లేదన్నారు, ఫలితం ఏదొచ్చినా వైద్యం మారదు కాబట్టి. లిపిడ్ ప్రొఫైల్ (కొలెస్ట్రాల్ టెస్ట్), హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే టెస్ట్) చాలు. నాన్న రోజూ ఆర్కే బీచ్‌లో నడుస్తున్నారు, తిరిగొచ్చేటప్పుడు పునుగుల బండి దగ్గర ఆగుతున్నారని అమ్మ అనుమానం.